గోరంత గొంతుని కొండంత చేయబోయి...

బరంపురంలో మా ఇంటి డాబా మీద బట్టలారేసే తీగకి కాస్త పైన ఇంకో తీగ ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలెవరైనా దాని మీద తువ్వాలు వేయబోతే మా ఆవిడ కిందనించే "అయ్యో, అది ఆయన రేడియో తీగండీ, ముట్టుకోకండి" అని కేకేస్తుంది. చుట్టాలు ఆ తీగ వైపూ, నా వైపూ మార్చి మార్చి చూస్తారు. బ్యాంకులో పద్దులు చూసుకునేవాడికి, అందునా బి.కాం. చదివినవాడికి, ఈ రేడియో గొడవేమిటన్నది వాళ్ల సందేహం. ఆ సందేహం నాకూ అప్పుడప్పుడు కలుగుతూనే ఉంటుంది.

మన పత్రికలో వంటలూ, యాత్రలూ, పిల్లల చదువులూ వస్తుంటాయి. ఈసారి నా పిచ్చి గురించి నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు అడిగారు. కాదనలేకపోయాను. లెక్కలు కొంచెం తగులుతాయి. కూడికలూ హెచ్చవేతలూ వచ్చినవారెవరికైనా అర్థమయ్యేవే, భయపడకండి.

ముందుగా, హామ్ రేడియో అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది వినే రేడియో మాత్రమే కాదు, మాట్లాడే రేడియో కూడా. కేంద్ర ప్రభుత్వం వారు పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకుని, మనకంటూ ఒక పిలుపు సంకేతం పొంది, ఇంట్లోంచే దేశదేశాల వాళ్లతో మాట్లాడుకోవచ్చు. డబ్బు తీసుకోకూడదు, వ్యాపారం మాట్లాడకూడదు. మధ్యలో టవరు లేదు, ఎక్స్ఛేంజి లేదు, నెలవారీ బిల్లు లేదు. మన తీగ నించి బయలుదేరిన తరంగం ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొరని తాకి వంగి, ఎక్కడో ఇంకో తీగ మీద వాలుతుంది. అంతే సంగతి.

చేతి సెట్టు

నా సెట్టు కొన్నది కాదు, చేసుకున్నది. దాని వెనకాల మన తెలుగు గడ్డ కథ ఒకటుంది. హైదరాబాదుకి చెందిన అష్‌హర్ ఫర్హాన్ గారు (ఆయన పిలుపు సంకేతం వీయూ2ఈఎస్ఈ) చవకగా, మన బజార్లో దొరికే సామానుతో ఎవరైనా చేసుకోగలిగేలా 'బిట్‌ఎక్స్' అనే ట్రాన్సీవర్ నమూనాని 2000 దశకం మొదట్లో తయారుచేసి, ఎవరైనా వాడుకోవచ్చని అందరి ముందూ పెట్టారు. ఖరీదైన విదేశీ కోర్లు దొరక్కపోతే కుళాయి వాషర్ల మీద కాయిల్స్ చుట్టుకోమన్న మహానుభావుడాయన. ప్రపంచంలో ఎన్నో దేశాల హామ్‌లు ఆ సెట్టు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను, కాకపోతే 7 మెగాహెర్ట్జ్‌కి, అంటే 40 మీటర్ల బ్యాండుకి మార్చుకుని.

దాని శక్తి 5 వాట్లు. మన ఇంట్లో రాత్రి పడకగదిలో వెలిగే బుల్లి దీపమంత. అయినా ఆ 5 వాట్లతో బెంగుళూరు, నాగపూరు, చెన్నై వాళ్లతో ఎన్నోసార్లు మాట్లాడాను. విశాఖపట్నంలో ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వేలో సిగ్నళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. నాకు మోర్సు నేర్పింది ఆయనే కాబట్టి నేను "మాస్టారూ" అంటాను, ఆయన నన్ను "నాయనా" అంటారు. ఆదివారం పొద్దుట మా ఇద్దరికీ కాఫీ కన్నా ముందు రేడియో.

పైలిన్ మర్నాడు

2013 అక్టోబరు 12. దసరా రోజులు. ఆ రాత్రి పైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్ల పైచిలుకు గాలి. గోపాలపూర్ నించి మా ఊరు పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. ఆ రాత్రి ఎలా గడిచిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకి చెప్పినా అర్థం కాదు. ముందే జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణనష్టం తక్కువ. కానీ తెల్లారేసరికి చెట్లు, స్తంభాలు, తీగలు అన్నీ నేలనున్నాయి. కరెంటు లేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి.

మా అమ్మ అప్పుడు విశాఖలో అక్కయ్య దగ్గరుంది. టీవీలో గోపాలపూర్ పేరు విన్న దగ్గర్నించీ ఆవిడ పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. అది నాకు తరవాత తెలిసింది. కానీ మా అమ్మ సంగతి తెలియనివాణ్ణి కాదు కదా, ఊహించగలను.

స్కూటరు బ్యాటరీకి సెట్టు తగిలించాను. డాబా మీది ఏంటెన్నా తెగిపోయింది. దాన్ని అతికించి, పిట్టగోడ మీద చీపురుపుల్లల్లా కట్టెలు నిలబెట్టి, ఆరడుగుల ఎత్తులో లాగాను. పొద్దున్న ఏడింటి నించీ పిలుస్తూనే ఉన్నాను. మాస్టారి గొంతు నాకు ఖణీమని వినబడుతోంది. ఆయన నన్నే పిలుస్తున్నారు, "బరంపురం, బరంపురం, ఉన్నావా నాయనా" అని. నేను సమాధానం చెబుతున్నాను. ఆయనకి వినబడటం లేదు. ఆయన దగ్గర 100 వాట్లు. నా దగ్గర 5. చెరువుకి ఆ గట్టు నించి ఆయన మైకులో పిలుస్తుంటే, ఈ గట్టు నించి నేను గుసగుసలాడుతున్నట్టుంది. "ఏదో చీమ చిటుక్కుమన్నట్టు వినబడింది గానీ, నువ్వో కాదో పోల్చుకోలేకపోయాను" అన్నారు తరవాత.

సాయంత్రం నాలుగు దాటాక హైదరాబాదులో ఒక స్టేషను వారు నన్ను పట్టుకున్నారు. వారు అక్కయ్య ఇంటికి ఫోన్ చేసి "మీ తమ్ముడుగారు, పిల్లలు క్షేమం. ఇల్లు నిలబడే ఉంది" అని చెప్పారు. ఆ తరవాతే అమ్మ అన్నం తింది.

అంటే పొద్దున్న ఏడింటికి అందవలసిన కబురు సాయంత్రం అందింది. ఆ తొమ్మిది గంటలూ నాకు మనసులో ముల్లులా ఉండిపోయాయి. కరెంటు రాగానే చేసిన మొదటి నిశ్చయం: నా గొంతు పెంచాలి. పవర్ ఆంప్లిఫైయర్ కట్టాలి.

మాస్టారు మాత్రం "ముందు ఏంటెన్నా సంగతి చూడు నాయనా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అన్నారు. నేను వినలేదు. వింటే ఈ వ్యాసం ఉండేది కాదు.

తూము తలుపు

పవర్ ఆంప్లిఫైయర్ అంటే ఏమిటి? చిన్న సంకేతాన్ని తీసుకుని, అదే రూపంలో పెద్దది చేసి ఏంటెన్నాకి పంపేది. గోరంతని కొండంత చేసేది. అయితే ఆ కొండ ఎక్కడిదన్నదే ప్రశ్న. నా వంటి కామర్సు వాడికి మొదట వచ్చే అనుమానం ఇదే. జమ ఎక్కడో ఉంటే ఖర్చు ఇంకెక్కడో ఉండాలి కదా!

కాలవ తూముని గుర్తు తెచ్చుకోండి. రైతు ఒక చేత్తో తలుపు చక్రం తిప్పుతాడు. చేతి బలం కొద్దిపాటిది, కానీ తలుపు కింద నించి వెళ్లే నీటి బలం పెద్దది. ఆ నీరు రైతుది కాదు, చెరువుది. ఇదీ అంతే. నేను వాడిన మాస్‌ఫెట్‌కి మూడు కాళ్లు. ఒకటి సోర్సు, ఒకటి డ్రెయిను, మధ్యవర్తి గేటు. పేర్లలోనే ఉంది చూశారా, వచ్చే దారి, పోయే కాలవ, తలుపు. నా 5 వాట్ల సెట్టు ఆ తలుపుని ఆడిస్తుంది. ప్రవహించేది మాత్రం పవర్ సప్లైలోని కరెంటు. పైగా ఇందులో సుమారు సగం వేడిగా పోతుంది. 40 వాట్లు బయటికి రావాలంటే సప్లై నించి 80 వాట్లు డెబిట్ చేయాలి. మిగతా 40 వాట్లు హీట్ సింకు పద్దులో రాసుకోవాలి. ఇక్కడ వడ్డీ లేదు, ఉచితం అంతకన్నా లేదు.

నేను ఎంచుకున్నది ఐఆర్‌ఎఫ్ 510 అనే మాస్‌ఫెట్. నిజానికి ఇది రేడియో కోసం పుట్టింది కాదు. స్విచ్చిలా పనిచేయడానికి తయారుచేసినది. ధర పదుల రూపాయల్లోనే. అమెరికా హామ్‌ల పత్రిక 'క్యూఎస్‌టీ'లో 1999 మార్చి, ఏప్రిల్ సంచికల్లో మైక్ కాసర్ అనే ఆయన ఇవి రెండు వాడి, 28 వోల్టుల సప్లై మీద, ఒక్క వాటు లోపలికి ఇస్తే 40 వాట్లు బయటికి వచ్చే ఆంప్లిఫైయర్ రాశారు. రెండు మాస్‌ఫెట్లూ రంపం కోసే ఇద్దరిలా, ఒకటి లాగుతుంటే ఒకటి వదులుతుంది. దీన్నే పుష్ పుల్ అంటారు. నేను దాన్నే దారి చూపే దీపంగా పెట్టుకున్నాను. నాకున్నది జనరల్ గ్రేడ్ లైసెన్సు. నేను పరీక్ష రాసిన నాటికి దాని మీద 400 వాట్ల దాకా అనుమతి ఉంది కాబట్టి చట్టం అడ్డు లేదు.

ఇక్కడొక తమాషా ఉంది. దానికి కావలసింది 1 వాటు. నా సెట్టు ఇచ్చేది 5. ఉన్నదంతా పోస్తే గేటు భరించలేదు. 20 వోల్టులు దాటితే గేటులోని పల్చటి పొర పేలిపోతుంది. అందుకని మధ్యలో రెసిస్టర్లతో ఒక 'అటెన్యుయేటర్' కట్టి, 5 వాట్లలో 4 వాట్లని వేడిగా తగలేయాలి. "చేతిలో ఉన్న అయిదు రూపాయల్లో నాలుగు పారేసి, మిగిలిన రూపాయితో నలభై సంపాదిస్తారా? మీ బ్యాంకులో కూడా ఇలాగే చేస్తారా?" అని మా ఆవిడ అడిగింది. జవాబు చెప్పలేదు.

కాలిన వేళ్లు, కాలిన మాస్‌ఫెట్లు

ఈ ముచ్చటకి నేను చెల్లించిన ఫీజు ఆరు మాస్‌ఫెట్లు. మీలో ఎవరైనా ఈ పని తలపెడితే ఆ ఫీజు మిగులుతుందని నా పొరపాట్లు వరసగా రాస్తున్నాను.

మొదటిది. ఐఆర్‌ఎఫ్ 510 వెనక ఉన్న లోహపు రేకు లోపల డ్రెయినుకి కలిసి ఉంటుంది. దాన్ని నేరుగా హీట్ సింకుకి బిగిస్తే 28 వోల్టులు నేలకి షార్టవుతాయి. మధ్యలో మైకా రేకు, మర చుట్టూ ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. నేను మైకా పెట్టాను, బుష్ మరిచాను. ఫ్యూజు పేలి రక్షించింది. ఫ్యూజు కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టుకున్నాను.

రెండవది. అటెన్యుయేటర్‌కి గేట్ బజార్ దుకాణంలో దొరికిన వైరు చుట్టిన రెసిస్టర్లు వాడాను. ఓమ్‌లు సరిపోయాయి కదా అనుకున్నాను. కానీ వైరు చుడితే అది కాయిలు కూడా అవుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాని లెక్కే వేరు. కార్బన్ రెసిస్టర్లు కొన్నింటిని పక్కపక్కన కలిపితేగాని దారికి రాలేదు.

మూడవది పెద్దది. లోపలికి వెళ్లే తీగనీ, బయటికి వచ్చే తీగనీ అందంగా ఉంటుందని పక్కపక్కనే పెట్టాను. బయటి బలమైన సంకేతం మళ్లీ లోపలికి దూరింది. మైకు సభల్లో స్పీకరు ముందు మైకు పెడితే 'కూ' మని అరుస్తుందే, అదే జబ్బు. మాట్లాడకుండానే అమ్మీటరు సూది చివరికి పోయింది. కాలిన వాసన వచ్చాక గాని స్విచ్చి గుర్తురాలేదు. రెండు మాస్‌ఫెట్లు ఒకేసారి స్వర్గస్థులయ్యాయి. ఆ పైన లోపలి తలుపు ఒక చివర, బయటి తలుపు ఇంకో చివర పెట్టి, మధ్యలో రేకు గోడ కట్టాను.

నాలుగవది బయాస్. గేటుకి ముందుగా కాస్త వోల్టేజి ఇచ్చి, తలుపుని కొంచెం తెరిచి ఉంచాలి. అసలు తెరవకపోతే మాట ముక్కలు ముక్కలై, పక్క ఫ్రీక్వెన్సీల వాళ్ల మీద చిందుతుంది. ఎక్కువ తెరిస్తే మాస్‌ఫెట్ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా తెరుచుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. అప్పు మీద అప్పు చేసినట్టు. అందుకని బయాస్ పాట్‌ని సున్నా దగ్గర పెట్టి, అమ్మీటరు చూస్తూ, వెంట్రుకవాసి చొప్పున పెంచుకోవాలి. తొందరపాటుకి ఇక్కడ మరో రెండు ఖర్చయ్యాయి. మిగిలిన రెండింటి కథ చెప్పుకునేంత గొప్పది కాదు.

పరీక్షలన్నీ ఏంటెన్నా మీద చేయకూడదు, డమ్మీ లోడ్ మీద చేయాలి. 1000 ఓమ్‌ల రెసిస్టర్లు, 2 వాట్లవి, 20 తీసుకుని అన్నీ పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, 40 వాట్లు. ఎంత చక్కటి భాగహారమో చూడండి! దాని మీద శిఖర వోల్టేజి కొలిచి, వర్గం చేసి, 100తో భాగిస్తే వాట్లు వస్తాయి. సెట్టు ఒక్కదానికీ 22 వోల్టులు పైచిలుకు, అంటే 5 వాట్లు. ఆంప్లిఫైయర్ తగిలించాక 63 వోల్టులు. 63ని 63తో హెచ్చిస్తే 3969. అంటే 40 వాట్లకి వీసం తక్కువ. ట్రయల్ బ్యాలెన్సు కుదిరినప్పటి ఆనందం నాకు తెలుసు. ఇది అంతకన్నా ఎక్కువ.

సహస్రనామం మధ్యలో సీక్యూ

ఆనందం ఒక్క శుక్రవారం నిలిచింది. పక్కింటి పిన్నిగారు ప్రతి శుక్రవారం సౌండ్ బాక్సులో లలితా సహస్రనామం పెడతారు. నేను పైన మైకు నొక్కి "సీక్యూ, సీక్యూ" అని పిలవడం మొదలెట్టానో లేదో, ఆవిడ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఏవండీ బాబూ, అమ్మవారి నామాల మధ్య మీ గొంతు వస్తోందేమిటి? ఏవో అంకెలు చెబుతున్నారు!"

"పొరపాటైంది పిన్నిగారూ, సరిచేస్తాను" అన్నాను. మర్నాడు ఎదురింటి వాళ్ల టీవీలో నేను మాట్లాడినప్పుడల్లా గీతలు వస్తున్నాయని తెలిసింది. ఆరు మాస్‌ఫెట్లు పోయినప్పుడు కలగని సిగ్గు అప్పుడు కలిగింది. ఇరవై ఏళ్లుగా ఇరుగుపొరుగుతో ఉన్న మంచితనం 40 వాట్లకి ఆవిరైపోయేలా ఉంది.

ఇవి రెండు వేరు వేరు జబ్బులు. టీవీ గీతలకి తప్పు నాది. ఏ ఆంప్లిఫైయరైనా అసలు సంకేతంతోపాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల ఫ్రీక్వెన్సీలని కూడా కొద్దికొద్దిగా పుట్టిస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి 14.2, 21.3, అలా పైకి పోతే ఏడో మెట్టు 49.7, ఎనిమిదో మెట్టు 56.8. ఇవి టీవీ చానళ్ల పేటలోకి వెళతాయి. పుష్ పుల్‌లో సరిసంఖ్య మెట్లు చాలావరకు తమలో తాము కొట్టుకుపోతాయి గాని, బేసి మెట్లు పోవు. వాటిని ఆపడానికి ఆంప్లిఫైయర్ తరవాత 'లో పాస్ ఫిల్టరు' పెట్టాలి. 7ని పోనిచ్చి, 14నీ ఆ పైవాటినీ ఆపే జల్లెడ అది. తొందరలో నేను దాన్ని తరవాత చూద్దామని వదిలేశాను. చూడక తప్పింది కాదు.

సౌండ్ బాక్సు సంగతి వేరు. అక్కడ నా అసలు సంకేతమే బలంగా ఉండి, స్పీకరు తీగలని ఏంటెన్నాలుగా చేసుకుని లోపల దూరుతోంది. నా తప్పు లేకపోయినా మందు నేనే వేయాలి. ఆ తీగల మీద ఫెరైట్ పూసలు బిగించాను. తగ్గింది. పిన్నిగారు సంతోషించి చక్రపొంగలి పంపారు. అయినా నాటి నించీ శుక్రవారం సాయంత్రం నేను మైకు ముట్టను.

ఎనిమిది రెట్లూ, ఒకటిన్నర గీతా

ఇక అసలు పరీక్ష. ఆదివారం పొద్దుట మాస్టారితో, "ఇప్పుడు 5 వాట్లు... ఇప్పుడు 40 వాట్లు... ఎంత తేడా?" అన్నాను గర్వంగా.

"ఒకటిన్నర గీత నాయనా" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. నెలల శ్రమ, ఎనిమిది రెట్ల శక్తి, తీరా మీటరు మీద ఒకటిన్నర గీతా! మాస్టారు లెక్క చెప్పారు. చెవీ, మీటరూ కూడికలు చేయవు, లాగరిథమ్‌లు చేస్తాయి. శక్తి రెట్టింపయితే 3 డెసిబెల్స్. నాలుగింతలైతే 6, ఎనిమిదింతలైతే 9, పదింతలైతే 10. రేడియో మీటరు మీద ఒక్కొక్క గీతకీ 6 డెసిబెల్స్. కాబట్టి ఒక గీత పెరగాలంటే 5 వాట్లు 20 కావాలి, రెండో గీతకి 80 కావాలి, మూడో గీతకి 320. నా 9 డెసిబెల్స్‌కి ఒకటిన్నర గీత న్యాయమే.

"అయితే అంతా దండగేనా మాస్టారూ?"

"దండగ కాదు. బాగా వినబడేవాడికి ఒకటిన్నర గీత పెరిగితే ఏమీ పెరగనట్టే. హోరులో మునిగిపోయినవాడికి అదే ముక్కు నీళ్లపైకి తేవడం. కానీ గుర్తుంచుకో, నీ ఆంప్లిఫైయర్ నోటికే గాని చెవికి కాదు. అవతలవాడి మాట నీకు ఎంత వినబడేదో అంతే వినబడుతుంది."

నిజమే. వినేటప్పుడు రిలే ఒకటి ఆంప్లిఫైయర్‌ని పక్కకి తప్పించి, ఏంటెన్నాని నేరుగా సెట్టుకి కలుపుతుంది. చెవిని పెంచేది ఏంటెన్నా ఒక్కటే. అది రెండు పనులూ చేస్తుంది, పైసా కరెంటు తినదు.

ఆఖరికి మాస్టారి మాటకే వచ్చాను. రెండు వెదురు బొంగులు కొన్నాను. 7.1 మెగాహెర్ట్జ్‌కి అరతరంగం డైపోల్ మొత్తం 66 అడుగులు, చెరోవైపు 33. దాన్ని తడి డాబాకి ఆరడుగుల మీద నించి పాతిక అడుగుల మీదికి ఎత్తాను. డాబాకి అతుక్కున్న తీగ శక్తి చాలా భాగం కాంక్రీటుకీ అందులోని ఇనుముకీ సమర్పణ అవుతుంది. విశాఖ మాకు రమారమి 270 కిలోమీటర్లు. ఇంత దగ్గర ఊళ్లకి తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి కిందికి రావాలి. పగటిపూట 40 మీటర్ల బ్యాండులో దానికి పాతిక, ముప్పై అడుగుల ఎత్తు చక్కగా సరిపోతుంది. ఆ ఆదివారం మాస్టారు "మళ్లీ ఒక గీత పైన పెరిగావు" అన్నారు. నాకూ ఆయన ఒక గీత పైన పెరిగారు. రెండు బొంగులు, ఒక కూలీ. అంతే ఖర్చు.

తిత్లీ నాడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమైన సంగతి మీకు తెలుసు. ఇటు గంజాం, గజపతి జిల్లాల్లో వాన, వరద. మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. ముందురోజే ఏంటెన్నా దించి, గాలి తగ్గాక మళ్లీ ఎత్తాను. యూపీఎస్ బ్యాటరీలు రెండు వరసగా కలిపితే 24 వోల్టులు. 28 మీద 40 వాట్లిచ్చేది 24 మీద 30కి అటూ ఇటూ ఇస్తుంది.

తొమ్మిదింటికి పిలిచాను. మొదటి పిలుపుకే మాస్టారు పలికారు. "అయిదూ ఏడు నాయనా, స్పష్టంగా ఉన్నావు. చెప్పు."

మా వీధిలో తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది విశాఖలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. ముందే పద్నాలుగు ఇళ్ల పేర్లూ, ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసుకున్నాను. ఒక్కొక్కటే చదివాను, ఆయన తిరిగి చదివారు. చెక్కు నంబర్లు సరిచూసినట్టు. సగం అయ్యేసరికి బ్యాటరీలు నీరసించాయి. ఆంప్లిఫైయర్ ఆపేసి, 5 వాట్ల మీదే "వినబడుతోందా మాస్టారూ?" అన్నాను భయంభయంగా.

"కాస్త తగ్గావు. కానీ ప్రతి మాటా తెలుస్తోంది. కానియ్యి."

మిగతా ఏడు ఇళ్లూ 5 వాట్ల మీదే వెళ్లాయి. అప్పుడు తట్టింది నాకు. పైలిన్ నాడు కూడా ఈ రెండు వెదురు బొంగులుంటే, ఆ 5 వాట్లే చాలి ఉండేవేమో. ఆ తొమ్మిది గంటలు అమ్మ ఉపవాసం ఉండక్కర్లేకపోయేదేమో.

గంట తరవాత మాస్టారు మళ్లీ వచ్చారు. అందరికీ ఫోన్లు చేశాను అన్నారు. "మీ అక్కయ్యగారు ఒక మాట అడగమన్నారు. భోజనం చేశావా అని. ఇది మీ అమ్మగారు అడిగే ప్రశ్నట, ఇప్పుడు ఆవిడ లేరు కాబట్టి తాను అడుగుతున్నానని చెప్పమన్నారు."

మైకు బొత్తాం నొక్కాను గాని మాట రాలేదు. 30 వాట్లున్నా, 400 ఉన్నా ఆ నిమిషంలో ప్రయోజనం లేదు. కాసేపాగి "చేశాను అని చెప్పండి" అన్నాను. నిజానికి చేయలేదు. తరవాత చేశాను.

ఆఖరి మాట

ఆంప్లిఫైయర్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. వాడతాను కూడా, హోరు ఎక్కువున్నప్పుడు, మొదటి పిలుపుకి. అవతలివారు పలికాక ఆపేస్తాను. అవసరమైనంత శక్తే వాడమని రేడియో నియమాలే చెబుతున్నాయి. బ్యాటరీ కూడా అదే చెబుతుంది.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని మా అబ్బాయి అడుగుతుంటాడు. 1999 అక్టోబరులో ఒడిశాని సూపర్ సైక్లోన్ ముంచినప్పుడు కబుర్లు అందించడానికి హామ్‌లు సెట్లు భుజాన వేసుకుని వచ్చారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన భారతి ప్రసాద్ గారు రేడియోతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ఆ రోజుల్లో అండమాన్ నించి ఎందరి క్షేమ సమాచారాలో ఆ రేడియో మీద వచ్చాయి. టవరు కూలిన రోజున తీగ కట్టుకోగలిగినవాడే పలుకుతాడు.

ఆసక్తి ఉన్న పిల్లలు మీ ఇళ్లలో ఉంటే ప్రోత్సహించండి. హైదరాబాదులో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ద్వారా ఎందరో ఈ విద్య నేర్చుకున్నారు. వరస మాత్రం తప్పవద్దు. ముందు లైసెన్సు, లైసెన్సు లేకుండా మైకు నొక్కడం నేరం. తరవాత మంచి ఏంటెన్నా, ఆ తరవాత చిన్న సెట్టు. ఆంప్లిఫైయర్ అన్నిటికన్నా ఆఖరున. అది కూడా ఫిల్టరుతో, పక్కింటి పిన్నిగారి అనుమతితో!

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు 'శుభాకాంక్షలు' అనడానికి బదులు ఒక అంకె చెప్పుకుంటారు. మన పత్రిక పాఠకులందరికీ నా తరఫున, మాస్టారి తరఫున కూడా, 73.